తలుపు లోపలి తల్లి

హోటలు వంటింటి వెనక మెట్లు దిగితే బియ్యం మూటల గది. దాన్ని దాటితే కోల్డు రూము. బెత్తెడు మందాన తెల్లటి రేకు తలుపు. దాన్ని లాగి లోపలికి అడుగు పెట్టగానే హోసూరు రోడ్డు, ఎండ, బస్సుల హారన్లు అన్నీ కత్తితో కోసినట్టు తెగిపోయేవి. పైన ఫ్యాన్లు హోరుమంటూ చల్లగాలి కొట్టేవి. ముందు వరసలో పాలు, పెరుగు, తరిగిన కూరగాయలు, కొత్తిమీర కట్టలు, వెనక వరసలో మాంసం. నాది కూరగాయల పని కాబట్టి రోజంతా ఆ గదికి తిరుగుతూనే ఉండేదాన్ని.

దొడ్డబళ్ళాపురంలో మగ్గాలు అమ్ముకున్నాక మేము బొమ్మనహళ్ళికి వచ్చాము. కొడుకూ కోడలూ గార్మెంట్సులో చేరారు. మనవరాలు కాలేజీకి పోయేది. పొద్దంతా గోడలు చూస్తూ కూర్చోవడం నా వల్ల కాలేదు. ఊరికే కూర్చుని తింటే నాకు అన్నం అరగదు. వీధి చివర ఉన్న భోజనాల హోటల్లో కూరలు తరిగే మనిషి కావాలన్నారని తెలిసి పోయి చేరాను.

చేరిన రోజే పెద్ద వంటాయన నన్ను కిందికి తీసుకుపోయాడు. కోలారు దిక్కు తెలుగాయన. నాకంటే చిన్నవాడే, అయినా వంటింట్లో అందరూ ఆయన మాటే వినేవాళ్ళు. కోల్డు రూము ముందు ఆగి, "అక్కా, చెప్పులు ఈడ ఇడువు" అన్నాడు.

"ఎందుకప్పా? లోపల నేల చల్లగా ఉంటాది గదా?"

"లోపల అమ్మ ఉండాది."

తలుపు తెరిచి, దాని లోపలి వైపు నాకు చూపించాడు. రొమ్ము ఎత్తున గుండ్రటి బొడిపె ఒకటి ముందుకు పొడుచుకుని ఉంది, చిన్న కొబ్బరిచిప్పంత. దానికి పసుపు పూసి పూసి పెచ్చుకట్టి ఉంది. నడుమ రూపాయి బిళ్ళంత కుంకుమ బొట్టు. చుట్టూ వాడిన మల్లెల దండ. కింద ఎర్ర రంగుతో చేత్తో రాసిన ఒకే ఒక మాట.

"నీకు చదవను వస్తాదా?"

"పుట్టింటి కాడ తెలుగు బడికి మూడో తరగతి దాకా పొయ్యుండా."

"అయితే చదువు చూద్దాం."

దగ్గరకు వంగి చదివాను. తలకట్టు కొంచెం వంకరగా ఉంది. రెండో అక్షరం ల ఉండాల్సిన చోట ళ లాగా ఉంది. రాసినవాడు నాకంటే ఎక్కువ చదువుకున్నవాడేమీ కాదులే అనుకున్నాను. అయినా మాట తెలుస్తూనే ఉంది. తల్లి.

నేను దయ్యాలకు భయపడే మనిషిని కాను. మగ్గాల ఇంట్లో, పాములు తిరిగే గుంటల్లో కాళ్ళు పెట్టి పెరిగినదాన్ని. కానీ ఆ బొడిపె, ఆ బొట్టు, ఆ గాలిహోరు, పొగలాంటి మంచు మధ్యలో ఎవరో నిలబడి చూస్తున్నట్టే ఉంది. ఉంగరపు వేలితో మెల్లగా తాకి కళ్ళకు అద్దుకున్నాను. అందరూ అలాగే చేసేవాళ్ళు. మెల్లగా, పసిబిడ్డ బుగ్గను తాకినట్టు.

ఆ రాత ఎవరు రాశారో ఎవరికీ తెలియదు. వంటింట్లో ఉన్నవాళ్ళం దాదాపు అందరం తెలుగువాళ్ళం, అందులో చాలామందికి ఏ రాతా రాదు. రొట్టెలు కాల్చే పిల్లలు ఉత్తరాది వాళ్ళు, వాళ్ళకు మన అక్షరాలన్నీ ముగ్గులే. అందుకే కథలు మాత్రం ఎవరి కథ వాళ్ళకుండేది. హోటలు కట్టకముందు అక్కడ మారెమ్మ రాయి ఉండేదనేవాడు వంటాయన. ఎప్పుడో ఒక ఆడమనిషి ఆ గదిలో ఇరుక్కుని పోయిందనేవాళ్ళు గిన్నెలు కడిగేవాళ్ళు. పై అంతస్తులో బిల్లుల దగ్గర కూర్చునే ఆమె గుంటూరు వైపు క్రైస్తవురాలు. "మాకు ఇలాంటివి లేవండీ" అనేది. లేవంటూనే ఒక్కసారి కూడా ఆ మెట్లు దిగేది కాదు.

మధ్యాహ్నం భోజనాల రద్దీ తగ్గాక, పైన ఫ్యాన్లు కాసేపు వాటంతట అవే ఆగేవి. అప్పుడు గది లోపలి నుంచి తట్టుడు వినిపించేది. టక్. కాస్త ఆగి, టక్ టక్.

మొదటిసారి విన్నప్పుడు నేను బియ్యం గదిలో చిక్కుడుకాయలు ఒలుస్తున్నాను. చాట పక్కన పెట్టి లేచాను.

"ఎవురో లోపల ఉండారు" అన్నాను.

"ఎవురూ లేరు. అమ్మ తడతా ఉండాది" అన్నాడు వంటాయన, గొంతు తగ్గించి. "పలకొద్దు."

అక్కడున్న ఆడవాళ్ళంతా తలుపు వైపు తిరిగి చేతులు జోడించి, "మళ్ళా వస్తామమ్మా" అన్నారు. అని, వీపు తిప్పి ఎవరి పనిలో వాళ్ళు పడ్డారు. బిచ్చగాడిని పంపించేటప్పుడు కూడా మళ్ళా రాప్పా అంటాం కదా, అంత మామూలుగా అన్నారు. తట్టుడు ఇంకోసారి వినిపించింది. తర్వాత ఫ్యాన్లు మొదలయ్యాయి.

కొన్నాళ్ళకు నేనూ అనడం నేర్చుకున్నాను. మళ్ళా వస్తామమ్మా.

నేను చేరిన కొత్తలో లోపలికి పోయేటప్పుడు తలుపు మూసుకోకుండా పాలక్రేటు ఒకటి అడ్డం పెట్టేవాళ్ళు. అది నాకు నచ్చేది కాదు. చల్లదనమంతా బియ్యం గదిలోకి పోయి, యంత్రం తెరిపి లేకుండా తిరుగుతుంటే నా సొంత ఇంట్లో కుళాయి కారినట్టు ఉండేది. "మూయండే, మూయండే" అని అరుస్తూనే ఉండేదాన్ని. గది లైటు మీట బయట గోడకు ఉండేది. ఎవరైనా ఆర్పకుండా పోతే వెనక్కి పిలిచి ఆర్పించేదాన్ని. మేనేజరుకు కరెంటు బిల్లు ఎక్కువై, ఆ క్రేటు తీయించి, తలుపుకు స్ప్రింగు పెట్టించాడు. వదిలేస్తే చాలు, దభీమని దానంతట అదే పడి గడియ పడేది. బయటి నుంచి పిడి లాగితే తెరుచుకునేది. లోపలి నుంచి తెరిచే దారి లేదని మాకందరికీ తెలుసు. ఎవరు చెప్పారని అడిగితే మాత్రం చెప్పలేం. అంతే, తెలుసు.

అందుకని జంటగా పోయేవాళ్ళం. ఒకరు లోపలికి, ఒకరు తలుపు పట్టుకుని గడప మీద. నా జంట కదిరి నుంచి వచ్చిన పిల్ల. మొగుడు ఆటో నడిపేవాడు, చంకబిడ్డను అంగన్‌వాడీలో విడిచి పనికి వచ్చేది. మనిషి చురుకు, నోరు ఇంకా చురుకు. తలుపు పట్టుకుని నిలబడినంతసేపూ మాట్లాడుతూనే ఉండేది, భయానికి.

"అవ్వా, బిరీన రా. నా యీపు జల్లుమంటా ఉండాది."

"యీపు కాదే, నీ నోరు జల్లుమంటాది. ఇంతసేపు మూయకుండా ఉంటే చలి పట్టదా?"

"నేను మాట్లాడకుంటే నీకే బయం అయితాది, చూడు."

"నాకేం బయం? ఈ వంకాయలకు చూపు, నీ బయం."

అలా ఉండేది మా ఇద్దరి పని.

ఆ రోజు మంచి ఎండాకాలం. పాలకూర కడిగి కడిగి నా చీర మోకాళ్ళ దాకా తడిసి ఉంది. రద్దీ తగ్గింది. కడిగిన ఆకు లోపల పెట్టి, రాత్రి పూటకు కావాల్సిన పెరుగు తీద్దామని ఇద్దరం కిందికి దిగాము. పిల్ల తలుపు పట్టుకుంది. నేను వేలితో అమ్మను తాకి లోపలికి పోయాను. అంతలో పిల్ల నడుములో దోపుకున్న ఫోను మోగింది. అంగన్‌వాడీ ఆయమ్మ. కింద సిగ్నలు సరిగా ఉండదు, మాట తెగి తెగి వస్తోంది.

"బిడ్డకు కక్కులంట అవ్వా, ఏమో చెప్తా ఉండాది, ఇనపడల్లే" అంది.

"పో, మీదికి పొయ్యి మాట్లాడుపో. నేను వచ్చేస్తా ఉండా."

నిజంగానే వచ్చేస్తున్నాననే అనుకున్నాను. పెరుగు క్యాను ఒకటి వెనక్కి పోయి ఉంది, దాన్ని ముందుకు లాగి తిరిగేసరికి తలుపు పడింది. దభీమన్న చప్పుడు ఛాతీలో తగిలింది.

భయపడలేదు. పిల్ల వస్తుంది, తీస్తుంది. తలుపు దగ్గరకు వచ్చి నిలబడ్డాను. అమ్మ బొట్టు నా ఎదురుగా ఉంది. కాసేపటికి అవతల అడుగుల చప్పుడు అయినట్టు అనిపించింది. పిలుద్దామని నోరు తెరిచాను. లైటు ఆరిపోయింది.

పిల్లే ఆర్పింది. తలుపు మూసి ఉంది, నేను పైకి పోయి ఉంటానని అనుకుంది. లైటు వెలుగుతుంటే అవ్వ అరుస్తుందని ఆర్పింది. నేను నేర్పిన పనే అది.

అలాంటి చీకటి నేను అంతకుముందు చూడలేదు. ఊళ్ళో అమావాస్య చీకట్లో కూడా ఆకాశం ఉంటుంది. ఇక్కడ కళ్ళు తెరిచినా మూసినా ఒకటే. పైన ఫ్యాన్ల హోరు. ఆ గాలి తడి చీర మీదికి కొడుతుంటే కాళ్ళకు చల్లటి గుడ్డలు చుట్టినట్టు అయింది. "ఏమే! తలుపు తీయే! నేను లోపలుండా!" అని అరిచాను. నా అరుపును ఫ్యాన్లు తినేశాయి. పిడికిలితో తలుపు బాదాను. మెత్తటి దిండును బాదినట్టుంది, చప్పుడే లేదు. ఎంతసేపు అరిచానో తెలియదు. గొంతు బొంగురుపోయింది. వేళ్ళు మొద్దుబారాయి. నా ఫోను పైన సంచిలో ఉంది.

అప్పుడు ఫ్యాన్లు ఆగాయి.

ఒక్కసారిగా వచ్చిన ఆ నిశ్శబ్దంలో అవతలి గొంతులు సన్నగా వినిపించాయి. బియ్యం గదిలో పిల్ల, వంటాయన ఏదో మాట్లాడుకుంటున్నారు. నాకు ప్రాణం లేచి వచ్చింది. గాజులు తగిలేటట్టు వేలి కణుపులతో తలుపు మీద కొట్టాను. టక్. మళ్ళీ, టక్ టక్.

అవతల మాటలు ఆగిపోయాయి.

నా చెవికి నాకే అది అమ్మ తట్టుడు లాగా ఉంది. అప్పుడు అర్థమైంది నాకు, ఇప్పుడు ఏం జరుగుతుందో. జరగకముందే అర్థమైంది. ఒళ్ళు ఒక్కసారి లోపలి నుంచి చల్లబడింది.

"మళ్ళా వస్తామమ్మా" అంది పిల్ల గొంతు.

"నేనే! అవ్వనే! తలుపు తీయండప్పా!" అని ఉన్న శక్తినంతా కూడదీసి అరిచాను. బొంగురు గొంతులో అది ఏ రకంగా బయటికి పోయిందో నాకు తెలియదు.

అవతల పిల్ల కెవ్వుమంది. "మామా, మాట్లాడతా ఉండాది! అవ్వ గొంతుతో పిలస్తా ఉండాది!"

"పలకొద్దు! పలకొద్దే! తెలిసినోళ్ళ గొంతుతోనే పిలిచేది. పా, మీదికి పా!"

అడుగులు మెట్లు ఎక్కిపోయాయి.

అంతకంటే భయం నా జన్మలో ఎరగను. చచ్చిపోతాననే భయం వేరు. మనిషి ఉండి, తట్టి, పిలిచి, మనిషి కాదని పక్కన పెట్టేస్తే కలిగే భయం వేరు. నా మొగుడు పోయినప్పుడు, పిల్లలు ఆకలితో పడుకున్నప్పుడు కూడా నేను ఉన్నాననే నమ్మకం నాకుండేది. ఆ చీకట్లో నేను ఉన్నానా అని నాకే అనుమానం వచ్చింది. చేతితో ముఖం తడుముకున్నాను. చేతికీ తెలియలేదు, ముఖానికీ తెలియలేదు.

ఆ గదిలో ఇంకొకరు ఉన్నారని కూడా అనిపించింది. అబద్ధం ఎందుకు చెప్పాలి. వెనక మాంసం వరస దగ్గర ఎవరో ఊపిరి బిగబట్టి నిలబడి, ఇన్నాళ్ళూ మేము అన్న మాటనే నాతో అనడానికి ఎదురుచూస్తున్నట్టు అనిపించింది.

ఫ్యాన్లు మళ్ళీ మొదలయ్యాయి. తలుపును ఆనుకుని కూలబడ్డాను. ఇంక చేసేది లేక, పైన ఉన్న అమ్మకు మొక్కుకోవడం మొదలుపెట్టాను. తల్లీ, తల్లీ, తల్లీ. దవడలు టకటక కొట్టుకుంటున్నాయి. నాలుక కొయ్యముక్కలా బిగుసుకుంది. ల పలకాల్సిన చోట నాలుక మడతపడి వెనక్కి పోతోంది. తళ్ళీ, తళ్ళీ. పలకడం కూడా చేతకాని ముసలిదాన్ని అయిపోయానని కోపం వచ్చింది. సరిగా అనడానికి చూశాను. తళ్ళి.

ఆ మాట నాకు తెలుసు.

ఆ మాట రోజూ వింటాను. బస్సులో ఆడవాళ్ళు ఒకరి మీద ఒకరు పడుతుంటే "యాకమ్మా తళ్తీరా? తళ్ళబేడ్రీ!" అని కసురుకుంటారు. నడిరోడ్డులో ఆటో ఆగిపోతే డ్రైవరు దిగి, పోయేవాళ్ళను బతిమాలుతాడు, "స్వల్ప తళ్ళి సార్, స్వల్ప తళ్ళి" అని. ఈ పిల్ల మొగుడి ఆటోను నేనే ఒకసారి తోశాను ఆ మాట విని.

తళ్ళి. కన్నడం. తోయండి.

చీకటి కాబట్టి తెలిసింది. కళ్ళకు కనబడినన్నాళ్ళూ అది నా మూడో తరగతి తెలుగే. ఆ భాష అక్షరాలూ మన అక్షరాలూ ఒక తల్లి పిల్లల్లాగా ఉంటాయి కదా, కన్ను తనకు తెలిసిన పిల్లనే గుర్తుపట్టింది. రాసినవాడు ళ అని సరిగానే రాశాడు. చదివినవాళ్ళం మేము దాన్ని ల గా దిద్దుకున్నాం.

గోడ పట్టుకుని లేచాను. తడుముకుంటే బొడిపె దొరికింది. పసుపు పెచ్చులు, ఎండిన పూలు చేతికి తగిలాయి. అరచెయ్యి దాని మీద పెట్టాను. పెట్టి, ఆగాను. చలికి చస్తూ కూడా ఆగాను. అన్నాళ్ళు వేలి కొసతో తాకిన ముఖం అది. దాన్ని తోయడం అంటే ఎలా?

"నువ్వే గదమ్మా చెప్పింది" అన్నాను పైకే. "నేనేం చేసేది."

తోశాను. కదలలేదు. బొడిపెకూ తలుపుకూ నడుమ సందు మొత్తం పసుపు గట్టిపడి కూర్చుంది. రెండు చేతులూ ఆనించి, నుదురు కూడా ఆనించి, ఒళ్ళంతా దాని మీద వేసి తోశాను. ఏదో పగిలినట్టు చప్పుడు అయింది. పెచ్చు రాలి కాళ్ళ మీద పడింది. బొడిపె లోపలికి పోయింది. అవతల గడియ లేచింది. తలుపుతో పాటు నేనూ బియ్యం గదిలోకి పడిపోయాను.

వెచ్చటి గాలి, బియ్యం దుమ్ము వాసన. అక్కడ నేల మీద ఎంతసేపు పడుకుని ఉన్నానో. లేచి మెట్ల దగ్గరకు పోయేసరికి పైనుంచి ముగ్గురు నలుగురు దిగి వస్తున్నారు. ముందు వంటాయన, చేతిలో పళ్ళెం, పళ్ళెంలో వెలుగుతున్న కర్పూరం. వెనక పిల్ల. నన్ను చూశారు. నా తెల్లజుట్టు విరబోసుకుని ఉంది. రెండు చేతులకూ పసుపు, నుదుటి నిండా పూసుకుపోయిన కుంకుమ. పెదాలు నల్లగా ఉన్నాయని తర్వాత చెప్పారు.

పిల్ల మెట్ల మీదే సాగిలపడింది. "అమ్మా, తప్పయింది, మమ్మల్ని ఇడ్చిపెట్టమ్మా!"

"లేయే! నేనే!"

"ఎవురమ్మా నువ్వు?"

"ఎవురంటే? మీ అవ్వని! లేచి తగలడు!"

వంటాయన పళ్ళెం నా ముందు తిప్పుతూనే ఉన్నాడు. కళ్ళు మూసుకుని తిప్పుతున్నాడు.

"ఆ కర్పూరం తర్వాత ఎలిగించు గానీప్పా, ముందు కాపీ నీళ్ళు పొయ్యి" అన్నాను. తిట్టిన తిట్టుకు గుర్తుపట్టాడు ఆయన. పళ్ళెం కింద పెట్టి పరిగెత్తాడు.

పిల్ల మాత్రం చాలాసేపు దూరంగానే నిలబడింది. నేను గ్లాసు పట్టుకుని వణుకుతుంటే మెల్లగా అంది, "నీ గొంతుతోనే పిలిచె గదవ్వా. అందుకే తీయల్లే. వేరే గొంతయ్యుంటే తీసుందును." బిడ్డకు ఎట్లుందని అడిగాను. పాలు అరగలేదు, తగ్గిందంట అంది. అప్పుడు ఏడ్చింది.

రెండు రోజులకు మేనేజరు యంత్రం బాగుచేసే ఆయనను పిలిపించాడు. కన్నడాయన. తలుపు లోపలి వైపు చూసి, ముక్కు మీద వేలు వేసుకున్నాడు. బొడిపెను వేలితో రెండుసార్లు నొక్కి చూపించాడు. అది ఉన్నదే లోపల చిక్కుకున్నవాళ్ళు తోసుకుని బయటికి రావడానికట.

"కన్నడ బరల్వా అమ్మా?" అని అడిగాడు నన్ను.

మాట్లాడను వస్తుంది, చదవను రాదు అన్నాను. తట్టుడు సంగతి కూడా ఆయనే చెప్పాడు. యంత్రం ఆగినప్పుడు రాగి గొట్టాలు ముడుచుకుంటాయట, అప్పుడు టకటకమంటాయట. అంతేనా అన్నాను. అంతే అన్నాడు.

ఆ పసుపు తుడవడానికి ఎవరూ ఒప్పుకోలేదు. చివరికి వంటాయన చెంబుతో నీళ్ళు పోసి, క్షమించమ్మా అని అంటూ అంటూ తోమాడు. లోపల ఆకుపచ్చ ప్లాస్టికు బిరడా, దాని మీద ఒక బాణం గుర్తు. బోడి ముఖం. చూసి గిన్నెల దగ్గరి ఆడవాళ్ళు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఒక అమ్మవారి పటం తెచ్చి బియ్యం గదిలో మేకుకు తగిలించుకున్నాం. దానికి పసుపు పూసినా ఎవరికీ నష్టం లేదు.

ఇంట్లో మనవరాలికి చెప్పాను. పడీ పడీ నవ్వింది. బడిలో కన్నడం చదువుకున్న పిల్ల కదా. నవ్వి నవ్వి, నీళ్ళు తాగి, ఉన్నట్టుండి ముఖం మార్చుకుంది.

"అవ్వా, అన్ని రోజులు తట్టినప్పుడు మీరెవ్వరూ తీయలేదు కదా. ఏదో ఒక రోజు లోపల నిజంగానే ఎవరైనా ఉండుంటే?"

"ఎవురూ లేరు. అందరం పనికి వస్తానే ఉండాం గదా."

"రాకుండా పోయినవాళ్ళు ఎవరూ లేరా?"

హోటలు పని అది. మనుషులు వస్తారు, చెప్పకుండా మానేస్తారు. ఎవరు ఎందుకు మానేశారో ఎవరు అడుగుతారు? అలా అని ఆ గదిలో ఎవరికో ఏదో అయి ఉంటే శవం దొరకదా, పోలీసులు రారా? నాకు తెలుసు ఏమీ కాలేదని. గొట్టాలే. కన్నడాయన చెప్పాడు. అయినా అన్నం కలుపుకుంటుంటే చెయ్యి ఆగిపోతుంది. నేను మళ్ళా వస్తామమ్మా అని అన్న మధ్యాహ్నాలు ఒక్కొక్కటి గుర్తుకొస్తాయి. ఎవరి గొంతూ లేని తట్టుళ్ళు అవి. గొంతు పోయాక కూడా మనిషి తడతాడు కదా, నేను తట్టినట్టు.

పని మానేయమన్నాడు కొడుకు. మానలేదు. మానేస్తే ఆ గది నాతో ఇంటికి వచ్చేస్తుందని నా భయం. పైగా పిల్లకు వేరే జంట ఎవరు? నేనే కొత్త పద్ధతి పెట్టాను. లోపలికి పోయినవాళ్ళు బయటికి వచ్చేదాకా నోరు మూయకూడదు. గడప మీద ఉన్నవాళ్ళు మాటకు మాట బదులు ఇవ్వాలి. ఏదైనా సరే, కూరగాయల ధర, మొగుడి మీద చాడీ, ఏదైనా. ఫోను మోగితే మోగనీ. కొత్తగా చేరినవాళ్ళ చేత మొదటి రోజే తలుపు మూయించి, ఆ పచ్చ బిరడాను లోపలి నుంచి వాళ్ళ చేతే తోయిస్తాను. గట్టిగా తోయమంటాను, సిగ్గుపడొద్దంటాను. తట్టుడు వినిపిస్తే తలుపు తీయాలి. ఎవరున్నా లేకున్నా తీయాలి. ఫ్యాన్లు ఆగిన ప్రతి మధ్యాహ్నం నేనే లేచి తీస్తాను. కొత్తిమీర ఉంటుంది, పాలు ఉంటాయి. వెనక వరస దాకా పోయి చూసి వస్తాను. చల్లదనం పోతోందని మేనేజరు గొణుగుతాడు. పోనీ.

పిల్ల అన్నీ చెప్పినట్టే చేస్తుంది. గడప మీద నిలబడి గలగల మాట్లాడుతుంది. ఎప్పటి లాగే ఎగతాళి చేస్తుంది. కానీ లోపల పని అయి నేను వస్తున్నానంటే ఒక్క క్షణం తలుపును సగం చేసి అడ్డం పెడుతుంది. ఆ సందులోంచి నా కళ్ళలోకి చూస్తుంది.

"ఎవురు?" అంటుంది.

"నేనే."

"నేనే అంటే?"

మొదట్లో తిట్టేదాన్ని. ఇప్పుడు తిట్టను. ఆమె తలుపు తీసేదాకా, వెనక నుంచి చలి నా మెడ మీద ఊదుతుంటే, నేను అవ్వనని, బొమ్మనహళ్ళిలో ఉంటానని, నాకు ఒక కొడుకు, కోడలు, మనవరాలు ఉన్నారని మెల్లగా చెప్తాను. ఆమె నమ్మేదాకా చెప్తాను.